సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే ముందు చోక్ చూడండి

మీది 1996 నాటి కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న మారుతి 800. చలి మొదలైనప్పటి నుంచి పొద్దున సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది గానీ ఇంజన్ ఒక పట్టాన అందుకోదు. ఒకసారి అందుకుంటే రోజంతా ఇబ్బంది లేదు. మెకానిక్ బ్యాటరీ మార్చమంటున్నారు. ఇదే కదా మీ ప్రశ్న?

బ్యాటరీ దిగిపోతే సెల్ఫ్ ఈడ్చుకుంటూ, మూలుగుతూ తిరుగుతుంది. మీది అలా లేదు. అనుమానం తీరాలంటే మల్టీమీటర్ పెట్టండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు.

హన్మకొండలో మా బండికీ ఇదే జబ్బు. గ్యారేజీలో ఏకంగా సెల్ఫ్ మోటారు మార్చాలన్నారు. నాకు నమ్మకం కుదరక ఎయిర్ క్లీనర్ మూత విప్పి, తమ్ముణ్ని లోపల కూర్చోబెట్టి, చోక్ పూర్తిగా లాగమన్నాను. అలా లాగినప్పుడు కార్బొరేటర్ నోట్లోని రేకు దారిని మూసేయాలి. మాది సగంలో ఆగిపోయింది, వేలితో నొక్కితేనే మూసుకుంది. చోక్‌ను ఆ రేకుకు కలిపే కేబుల్ తొడుగు లోపలంతా తుప్పు. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడానికే చోక్ ఉంది. ఇంజన్ వేడెక్కాక దాంతో పనే లేదు కాబట్టి పగలు మెకానిక్ ముందు ఈ జబ్బు బయటపడదు. కేబుల్ మార్చాం, అంతే. సెల్ఫ్ మోటారు పాతదే ఉంది.

మీ రేకు బాగానే మూసుకుంటోందా? అయితే పొద్దున సెల్ఫ్ కొట్టకముందే, మూత విప్పి, చోక్ లోపలికి నెట్టి, టార్చి వేసి కార్బొరేటర్‌లోకి చూస్తూ యాక్సిలరేటర్ తీగ లాగండి. దగ్గర్లో నిప్పు, సిగరెట్ ఉండకూడదు. లోపల సన్నటి పెట్రోలు ధార చిమ్మాలి. చిమ్మకపోతే రాత్రికి రాత్రి ఫ్లోట్ చాంబర్ (కార్బొరేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె) ఎండిపోతూ ఉండొచ్చు. పెట్రోలు పంపు డయాఫ్రం (పంపు లోపలి పలచటి పొర), రబ్బరు పైపులు మెకానిక్‌కు చూపించండి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ కాలపు రబ్బరు దానికోసం చేసింది కాదు. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి వేడి ఎక్కువ కావాలి. ఆదిలాబాద్ వైపు చలి ఒక అంకెకు పడిపోయే రోజుల్లో పాత బండ్లకు ఇది తలనొప్పే.

ధార బాగా చిమ్మితే మాత్రం పెట్రోలును వదిలి నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు, ఆ రవ్వ కోసం కరెంటును తెంపి కలిపే పాయింట్ల వైపు వెళ్లండి. సెల్ఫ్ పది సెకన్లకు మించి ఆపకుండా కొట్టకండి, మోటారు కాలుతుంది. పెట్రోలు వాసన గుప్పుమంటే ప్లగ్గులు తడిసినట్టే. అప్పుడు చోక్ లోపలికి నెట్టేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి.