సర్జన్ కావాలని ఉంది, పరిశోధనా చేయాలని ఉంది: రెండూ కుదురుతాయా?

ప్రశ్న: ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సర్జరీ అంటే ఇష్టం, పరిశోధన మీదా ఆసక్తి ఉంది. రీసెర్చ్ అంటే ప్రాక్టీసు వదులుకోవడమేనని ఇంట్లో భయపడుతున్నారు. జంతువుల మీద చేసే ప్రయోగాలకూ, రోగులతో చేసే క్లినికల్ రీసెర్చికీ తేడా ఏమిటి? ఇప్పటి నుంచి ఏం చేయాలి? ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్ డిప్లొమాకు లక్షకు పైగా అడుగుతున్నారు. చేరమంటారా? – ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడదాం. చేరకండి. ఆ డిప్లొమాలు ఎక్కువగా ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివి కాంట్రాక్ట్ రీసెర్చ్ సంస్థల్లో కోఆర్డినేటర్, మానిటర్ ఉద్యోగాలకు వెళ్లాలనుకునేవారిని చూసి పెట్టినవి. వాళ్లకైనా ఏ మేరకు పనికొస్తాయన్నది ఆ సంస్థను బట్టే. మీకు అందులో ఉపయోగపడేది గుడ్ క్లినికల్ ప్రాక్టీస్, అంటే రోగులతో ట్రయల్ చేసేటప్పుడు పాటించాల్సిన ప్రమాణాల పాఠం ఒక్కటే. అది అమెరికా ప్రభుత్వ సంస్థ నైడా ఆన్‌లైన్ కోర్సులో సర్టిఫికెట్‌తో సహా ఉచితంగా దొరుకుతుంది. చెన్నైలోని జాతీయ ఎపిడమాలజీ సంస్థ నడిపే బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ పీజీలో చేరాక ఎలాగూ తప్పనిసరి.

ప్రయోగం వేరు, క్లినికల్ వేరు అని మీరు గీత గీశారు కానీ, సర్జరీలో ఆ రెండూ ఒకే దారిలో ముందూ వెనకా వచ్చే మజిలీలు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో తయారైన గుండె కవాటాన్నే చూడండి. వలియత్తాన్ అనే గుండె సర్జన్ ఆధ్వర్యంలో ఇంజినీర్లు కలిసి పనిచేశారు. మొదటి మూడు నమూనాలు నిలబడలేదు. నాలుగోది గొర్రెల్లో పరీక్షలు దాటుకుని 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. అక్కడి నుంచి క్లినికల్ ట్రయల్ మొదలైంది. ప్రశ్న ఆపరేషన్ థియేటర్లో పుట్టింది, జవాబు వర్క్‌షాపు, గొర్రెల షెడ్డు తిరిగి మళ్లీ థియేటర్‌కే చేరింది.

మన హైదరాబాద్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. సున్నం, యాసిడ్ పడి కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు పోతే చూపు మసకబారుతుంది. బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో దాదాపు రెండు వారాలు పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించడం అప్పటి పద్ధతి. అంత ఖరీదైన ల్యాబ్ ఎన్ని ఊళ్లలో ఉంటుంది? ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ సర్జన్లు ఆ మధ్య దశనే తీసేశారు. 2×2 మిల్లీమీటర్ల ముక్కను ఎనిమిది నుంచి పది తునకలు చేసి, ఆమ్నియాటిక్ పొర (కాన్పులో వచ్చే మాయ లోపలి పలచని పొర) పరిచిన కంటి మీదే ఫైబ్రిన్ జిగురుతో నిలబెట్టారు. కణాలు కంట్లోనే పెరిగాయి. 2012లో స్లెట్ పేరుతో ప్రచురించిన ఈ పద్ధతిని ఇప్పుడు ఇతర దేశాల్లోనూ వాడుతున్నారు. కత్తి పట్టే చేయి ఉన్నవాళ్లకే తట్టే ఆలోచన ఇది. ప్రాక్టీసు మానితే ఇలాంటివి తట్టవని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

సర్జరీ పరిశోధనకు మందుల ట్రయల్స్‌లో లేని చిక్కులున్నాయి. మాత్రకు బదులు అదే రంగులో చక్కెర మాత్ర ఇవ్వొచ్చు, ఆపరేషన్‌కు బదులు ఏమిస్తారు? 2002లో అమెరికాలో మోస్లీ బృందం 180 మంది మోకాలి నొప్పి రోగులతో ఆ పనే చేసింది. కొందరికి ఆర్థ్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా గొట్టం పంపి మోకాలు శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టేశారు. రెండేళ్ల పాటు చూస్తే నొప్పిలో తేడా లేదు. అంతకుముందు దాకా ఆ ఆపరేషన్ బాగా పనిచేస్తోందనే అందరి నమ్మకం. రెండో చిక్కు సర్జన్ అనుభవం. కొత్త పద్ధతిలో మొదటి ఇరవై కేసులు చేస్తున్న చేతినీ, పాత పద్ధతిలో వెయ్యి చేసిన చేతినీ పోల్చి కొత్తది పనికిరాదని తేల్చడం తరచూ జరిగే పొరపాటు.

ఇక మీరు ఇప్పుడు చేయగలిగింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979 నుంచి ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. మీ కాలేజీ అధ్యాపకుల్లో ఒకరు గైడ్‌గా రెండు నెలల పని. ప్రతిపాదన ఎంపికై, పని పూర్తిచేసి, రిపోర్టు ఆమోదం పొందితేనే స్టయిపెండ్, సర్టిఫికెట్. అర్హత, మొత్తం, తేదీలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. హౌస్ సర్జన్సీ వచ్చేదాకా ఆగితే మాత్రం అవకాశం దాటిపోతుంది.

ఈ ప్రతిపాదనల్లో ఎక్కువ భాగం బోల్తా పడేది లెక్క దగ్గర. ‘మా ఆస్పత్రిలో ఎమర్జెన్సీ పొట్ట ఆపరేషన్ల తర్వాత గాయం చీము పట్టడం ఎంత శాతం?’ అనే ప్రశ్న తీసుకున్నారనుకుందాం. సుమారు 20 శాతం ఉంటుందని అంచనా. అటూ ఇటూ 5 శాతం తేడాతో చెప్పాలంటే 246 మంది రోగులు కావాలి. 8 శాతం తేడా చాలనుకుంటే 97 మంది సరిపోతారు. ఇప్పుడు వార్డు రిజిస్టర్ తెరిచి నెలకు అలాంటి కేసులు ఎన్నో లెక్కపెట్టండి. ఇందులో ఒక మెలిక ఉంది. ఆపరేషన్ గాయంలో ఇన్ఫెక్షన్‌ను సాధారణంగా 30 రోజుల వరకు లెక్కిస్తారు. అంటే రెండు నెలల ప్రాజెక్టులో రోగులను చేర్చుకోవడానికి మీకు దొరికేది మొదటి నెల ఒక్కటే. నెలకు 40 కేసులు దాటని వార్డులో ఈ ప్రశ్న సాగదు. ప్రశ్న మార్చండి, లేదా పాత కేస్ షీట్ల మీద చేయండి. పాత షీట్లతో ఇంకో బాధ: ఆస్పత్రి రికార్డుల విభాగం (ఎంఆర్‌డీ)లో కొన్ని దొరకవు, దొరికినవాటిలో డిశ్చార్జి తర్వాత ఏమైందో ఉండదు. ముందుగా పదిహేను షీట్లు తీయించి, మీకు కావలసిన వివరాలు ఎన్నింటిలో ఉన్నాయో చూశాకే ప్రతిపాదన రాయండి.

ఫాలోఅప్ విషయంలో చిన్న కిటుకు. రోగి డిశ్చార్జి రోజున ఒక ఫోన్ నంబరు కాదు, రెండు తీసుకోండి, రెండోది వేరే ఇంట్లో ఉండే బంధువుది. మంచం పక్కనే నిలబడి ఒకసారి రింగ్ ఇచ్చి చూడండి. ఊరికి వెళ్లిపోయాక గాయం బాగున్నవాళ్లు ఆస్పత్రికి రారు, బాగా లేనివాళ్లు దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఫోన్ లేకపోతే మీ శాతం తప్పే.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క రోగి వివరం కూడా సేకరించొద్దు. తర్వాత అనుమతి తెచ్చుకుందామంటే ఇవ్వరు. కమిటీ నెలకోసారో, రెండు నెలలకోసారో కూర్చుంటుంది. సవరణలు అడిగితే మళ్లీ తర్వాతి సమావేశమే. అందుకే తేదీలు వెనక నుంచి లెక్కేసుకోవాలి. రోగికిచ్చే సమాచార పత్రం తెలుగులో, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఉండాలి. చదవలేనివారికి సాక్షి సమక్షంలో చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి.

దీన్ని కాగితాల తంతు అనుకునేవారు ఖమ్మం సంగతి తెలుసుకోవాలి. 2009లో ఆ జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చే అధ్యయనం మొదలైంది. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. అధ్యయన కాలంలో జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది.

పీజీలోకి వెళ్లాక థీసిస్ వస్తుంది. సర్జరీ పీజీల్లో ఎక్కువమంది రెండు పద్ధతులను పోల్చే ట్రయల్ ఎంచుకుని, ఒక్కో గ్రూపులో 30 మందిని రాసేస్తారు. ఆ 30 ఎక్కడి నుంచి వచ్చిందంటే సీనియర్ థీసిస్ నుంచి. ఇన్ఫెక్షన్ 20 శాతం నుంచి 10కి తగ్గుతుందని 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకోగల అవకాశం) చూపాలంటే ఒక్కో గ్రూపులో దాదాపు 200 మంది కావాలి. పది శాతం మంది ఫాలోఅప్‌కు రారనుకుంటే 222. రెండు గ్రూపులూ కలిపి 444. నెలకు 20 కేసులొచ్చే యూనిట్‌లో 22 నెలలు పడుతుంది, థీసిస్‌కు మీకు అంత సమయం ఉండదు. తగ్గుదల 20 నుంచి 15కే అయితే గ్రూపుకు 900 దాటుతుంది. ఇలాంటప్పుడు నొప్పి స్కోరు, ఆపరేషన్ సమయం, ఆస్పత్రిలో ఉన్న రోజులు లాంటి సంఖ్యాత్మక ఫలితాన్ని ప్రధానంగా పెట్టుకుంటే తక్కువ మందితో జవాబు రావచ్చు. లేదా అదే కోర్సులోని మరో రెండు కాలేజీల స్నేహితులతో కలిసి చేయడం. మన దగ్గర ఈ రెండోది ఎందుకో ఎవరూ చేయరు.

ఎవరికి ఏ పద్ధతి అన్నది కంప్యూటర్ ఇచ్చిన వరుస ప్రకారం, అంకెలు వేసి సీలు చేసిన కవర్లలో ఉండాలి. కవరు పలచగా ఉంటే డ్యూటీ పీజీ థియేటర్ లైటుకు ఎత్తి చూస్తాడు. లోపల కాగితం కనిపించగానే, లావుగా ఉన్న పేషెంటును తనకు తేలికైన పద్ధతిలోకి పంపించడానికి తర్వాతి కవరు తీస్తాడు. దురుద్దేశంతో కాదు, రాత్రి రెండు గంటల అలసటతో. అయినా ట్రయల్ అక్కడితో పోయినట్టే. లోపల అల్యూమినియం ఫాయిల్ పెట్టండి. కవరు చించే ముందు దాని మీద రోగి పేరు, ఐపీ నంబరు, తేదీ రాయించండి. కార్బన్ పేపరు పెడితే ఆ పేరు లోపలి చీటీ మీదా పడుతుంది. కవర్లు మీ దగ్గర కాకుండా థియేటర్ సిస్టర్ దగ్గరో, మత్తు డాక్టర్ల గదిలోనో ఉంచండి.

మొదటి రోగిని చేర్చుకునే ముందే మన దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు కావాలి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీ 2018 ఏప్రిల్ నుంచి ముందస్తు నమోదులే తీసుకుంటోంది. ఫీజు లేదు. వాళ్లడిగే వివరణలు ఒకటికి రెండుసార్లు పంపాల్సి రావచ్చు కాబట్టి కొన్ని వారాలు చేతిలో ఉంచుకోండి. రిజిస్ట్రేషన్ నంబరు లేని ట్రయల్‌ను మంచి జర్నల్స్ చూడకుండానే తిప్పి పంపుతాయి. మార్కెట్లో ఉన్న మందును కొత్త అవసరానికో, కొత్త మోతాదులోనో విద్యా ప్రయోజనం కోసం పరీక్షిస్తే 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి చాలు, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి అక్కర్లేదు. కొత్త మందు కంపెనీ ట్రయల్‌లో మాత్రం ఆ నియమాలన్నీ వర్తిస్తాయి. రోగికి తీవ్రమైన హాని జరిగితే ఇన్వెస్టిగేటర్ 24 గంటల్లో తెలియజేయడం వాటిలో మొదటిది.

డేటా విషయంలో ఒక్క మాట. ఎక్సెల్‌లో ఒక గడిలో ‘45’, ఇంకో గడిలో ‘45 ఏళ్లు’ అని కొట్టడం లాంటివి దిద్దుకోవచ్చు. కొలవనిదాన్ని కొలిచినట్టు రాస్తే దిద్దుబాటు లేదు. హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో ఈసీజీ రికార్డులను తారుమారు చేశారని 2014లో ఫ్రాన్స్ తనిఖీదారులు పట్టుకున్నారు. ఆ అధ్యయనాల ఆధారంగా అనుమతి పొందిన దాదాపు 700 రకాల మందులను నిలిపివేయాలని 2015లో యూరప్ ఔషధ సంస్థ సిఫారసు చేసింది. ఈసీజీ ఆ అధ్యయనాల్లో ప్రధాన ఫలితం కూడా కాదు.

జంతు ప్రయోగాలవైపు వెళ్లాలంటే సంస్థకు జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ దగ్గర నమోదు, లోపల జంతు ఎథిక్స్ కమిటీ ఉండాలి. మీ కాలేజీలో లేకపోతే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లాంటి చోట గైడ్‌ను వెతుక్కోవాలి. ఎంబీబీఎస్ దశలో దీనికి తొందర లేదు.

తర్వాతి దారులు: సర్జరీ వదలకుండా అయితే ఎంఎస్, ఎంసీహెచ్ పరిశోధన జరిగే సంస్థలో చేయడం. సీటు ఎంచుకునేటప్పుడు ఆ విభాగం గత మూడేళ్లలో ప్రచురించినవి వైద్య పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో చూడండి, అందులో పీజీల పేర్లు ముందు వరుసలో ఉన్నాయో లేదో గమనించండి. పరికరాల తయారీ మీద మనసుంటే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎంబీబీఎస్ వారికి మూడేళ్ల మెడికల్ సైన్స్ అండ్ టెక్నాలజీ మాస్టర్స్ ఉంది. మందుల ట్రయల్స్ ఇష్టమైతే ఎండీ ఫార్మకాలజీ, ఆపై నిమ్స్ లాంటి చోట డీఎం క్లినికల్ ఫార్మకాలజీ. ఇది తీసుకుంటే సర్జరీ ఉండదు, అది తెలిసే ఎంచుకోవాలి.

రెండు రోజుల్లో అచ్చేస్తాం, ఇంత డబ్బు కట్టండి అనే జర్నల్స్ జోలికి పోకండి. పేర్లు పెంచుకోవడానికి రాసిన పది కేస్ రిపోర్టుల కంటే, మీరే రోగులను చేర్చి, మీరే ఫోన్లు చేసి పూర్తిచేసిన ఒక్క అధ్యయనం మీద ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడగలరు. ఈ వారం చేయాల్సింది మాత్రం ఒక్కటే. సర్జరీ విభాగంలో ఒక సార్‌నో, మేడమ్‌నో కలిసి, వాళ్ల యూనిట్‌లో జవాబు దొరకని ప్రశ్న ఏముందో అడగండి. వెళ్లేముందు గత ఆరు నెలల థియేటర్ రిజిస్టర్ చూసి కేసుల లెక్క చేతిలో పెట్టుకోండి.