దాచిన హైబ్రిడ్ మిరప గింజ ఎందుకు తేడా కొడుతుంది?

ప్రశ్న: నిరుడు హైబ్రిడ్ మిరప వేశాం. తోటంతా ఒకే తీరుగా కాసింది. మంచి కాయలు ఏరి, ఆ గింజతోనే ఈ ఏడు నారు పోశాం. ఇప్పుడు ఏ చెట్టుకా చెట్టే. కొన్నిటికి కాయలు వేలాడకుండా పైకి నిలబడ్డాయి. విత్తనం కల్తీ అయిందంటారా?
– ఒక రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: కల్తీ కాదండి, హైబ్రిడ్ గింజ దాచి వేస్తే జరిగేది ఇదే. మిరప కణంలో జన్యువులను మోసే పోగులు, అంటే క్రోమోజోములు, 12 జతలుంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. అందుకే ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలే యుగ్మ వికల్పాలు, అంటే అల్లీల్స్.

కాయ దిశనే చూడండి. వేలాడే రూపం బహిర్గతం, ఒక్క ప్రతి ఉన్నా చాలు. పైకి నిలిచే రూపం అంతర్గతం, రెండు ప్రతులూ అదే అయితేనే బయటపడుతుంది. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు రకాల సంకరం. నిరుటి చెట్లలో రెండు రూపాలూ ఒక్కొక్కటి ఉండబట్టి అన్నీ వేలాడాయి. పుప్పొడిలోకైనా అండంలోకైనా రెంటిలో ఒక్కటే వెళ్తుంది. అంతర్గత రూపాలు రెండూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఘాటు మోతాదు, కాయ పొడవు వంటివాటి వెనక చాలా జన్యువులున్నాయి. విడివిడిగా సంక్రమించే పది జన్యువుల్లో తేడా ఉంటే, నిరుటి కూర్పు పదింటిలోనూ మళ్లీ కుదిరేది 1,024 మొక్కల్లో ఒకదానికి.

మంచి కాయలు ఏరినా ఫలితం లేకపోయింది ఇందుకే: కాయ తొక్క తల్లి చెట్టుది, లోపలి గింజ తర్వాతి తరానిది. ఒకే కాయలోని గింజలు కూడా ఒకదాన్నొకటి పోలవు.

గింజ దాచుకోవాలంటే గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం ఇచ్చిన ఎల్‌సీఏ-334 లాంటి సూటి రకం, అంటే హైబ్రిడ్ కానిది వేయండి. అందులో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులూ ఒకటే. అయితే తేనెటీగలు పక్క తోట పుప్పొడి మోసుకొస్తాయి. ధ్రువీకరణ విత్తనానికి వేరే రకం మిరప నుంచి 200 మీటర్ల ఎడం అడిగేది అందుకే. అంత ఎడం లేకపోతే తెగులు లేని చెట్లు ఎంచి, విచ్చిన పూలు, పిందెలు తుంచేసి, మొగ్గ దశలోనే సన్నటి నైలాన్ వల కప్పండి. మిరప పువ్వు సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది, అప్పుడప్పుడు కొమ్మ కదిపితే చాలు. లోపల కట్టిన పిందెలకు దారం కట్టాకే వల తీయండి. దారం లేని కాయ గింజ కలిస్తే శ్రమంతా వృథా.

ఈ ఏడు కాపు నుంచి గింజ తీయొద్దు, వచ్చే తరమూ ఇలాగే చీలుతుంది. తేడా కాయలను వేరే పట్టా మీద ఆరబోయండి. కలిపి తెస్తే యార్డులో మంచి కాయకూ ధర తగ్గుతుంది.