ఆసుపత్రి ఫార్మసీలో చేరితే ఎదుగుదల ఉంటుందా?

ఫార్మసీ డిగ్రీ అయిపోయింది, ఆసుపత్రిలో చేరితే జీవితాంతం కౌంటర్ వెనక నిలబడి స్ట్రిప్పులు కత్తిరించి ఇవ్వడమేనా, టెక్నీషియన్ కోర్సు చేస్తున్న మా చెల్లికైనా ముందుకెళ్లే దారి ఉందా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఆసుపత్రి ఫార్మసీలోనే ఉన్నాను. మొదట డిస్పెన్సింగ్ (ప్రిస్క్రిప్షన్ చూసి మందులివ్వడం) చూశాను, ఆ తర్వాత వార్డులకి, ఇప్పుడు ఐసీయూకి వెళ్తున్నాను. ఇద్దరికీ దారి ఉంది. అయితే ఉద్యోగం ఎంచుకునేటప్పుడు ఆసుపత్రి ఎంత పెద్దది, హోదా పేరేంటి అన్నవాటికంటే ముందు ఒకటి తెలుసుకోండి: అక్కడి ఫార్మసీ వాళ్లు రోగి కేస్ షీట్ (చికిత్స వివరాలన్నీ ఉండే ఫైలు) చూడగలరా?

ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, చేతిలో ప్రిస్క్రిప్షన్ ఒక్కటే ఉంటే మీరు చూడగలిగేది మందు పేరు, డోసు, రోజుకి ఎన్నిసార్లు అన్నంతవరకే. కేస్ షీట్ ఉంటే రోగి బరువు, వయసు, నిన్నటి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, ఏ మందు పడదు, ఇంటి దగ్గర ఏం వాడేవారు అన్నీ కళ్ల ముందు ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సపారిన్‌నే తీసుకోండి. ప్రిస్క్రిప్షన్‌లో రోజుకి రెండుసార్లు అని చికిత్స డోసు ఉంటే చూడ్డానికి ఏ తప్పూ కనపడదు. అదే రోగి వయసు, బరువు, క్రియాటినిన్ పెట్టి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో లెక్క వేస్తే (1976 నాటి సూత్రం, ఇప్పటికీ మందుల డోసులకి దాన్నే ఎక్కువగా వాడతాం) క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని శుభ్రం చేసే వేగం, నిమిషానికి 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ వచ్చిందనుకోండి, ఆ మందు రోజుకి ఒక్కసారే ఇవ్వాలి. మార్చకపోతే కిడ్నీల ద్వారా బయటికి పోవాల్సిన మందు ఒంట్లో పేరుకుపోయి రక్తస్రావం కావచ్చు. ఇలాంటివి పట్టుకునే ఫార్మసిస్టుని డాక్టర్లు వాళ్లంతట వాళ్లే వెతుక్కుంటూ వస్తారు, రౌండ్స్‌కి రమ్మంటారు. అక్కడి నుంచే అసలు కెరీర్ మొదలవుతుంది.

వార్డులో రోజూ వచ్చే ప్రశ్నలు కూడా పుస్తకంలో ఉన్నట్టు ఉండవు. నర్సులు నన్ను ఎక్కువసార్లు అడిగేది ఒకటే, "ఈ మాత్ర నూరి ముక్కు గొట్టంలో వేయొచ్చా?" అని. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రని నూరితే రోజంతా అందాల్సిన మందు ఒకేసారి లోపలికి పోతుంది. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటోయిన్ గొట్టం ద్వారా ఇచ్చే ఆహారంతో కలిస్తే సరిగా ఒంటపట్టదు, ఫిట్స్ మళ్లీ రావచ్చు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌కీ కాల్షియం ఉన్న ద్రవాలకీ పడదు, పసిబిడ్డల్లో అయితే ఆ కలయిక ప్రాణం మీదకి తెస్తుంది. ఇవన్నీ నోటికి వచ్చి ఉండాలని లేదు, ఎక్కడ చూసుకోవాలో తెలిసి రెండు నిమిషాల్లో ఫోన్ తిరిగి చేయగలిగితే చాలు.

ఇక మీ చెల్లి సంగతి. టెక్నీషియన్ అంటే ర్యాకులు సర్దే మనిషి అనుకునేవాళ్లంటే నాకు నిజంగా కోపం వస్తుంది. మా దగ్గర ఒక సీనియర్ టెక్నీషియన్ అక్క ఉండేది. కీళ్లవాతం ఉన్న ఒక పెద్దావిడ డిశ్చార్జ్ మందులు ట్రేలో పెడుతూ చెయ్యి ఆపేసి, "మెథోట్రెక్సేట్ నెలకి ముప్పై మాత్రలేంటి, నాలుగు కదా రావాలి?" అని నన్ను పిలిచింది. కేస్ షీట్ తెప్పించి చూస్తే అందులో వారానికి ఒకటి అని స్పష్టంగా ఉంది, డిశ్చార్జ్ కాగితంలోకి ఎక్కించేటప్పుడు రోజుకొకటి అయింది. కీళ్లవాతానికి ఆ మందు వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని మనిషి చనిపోవచ్చు. డాక్టర్ వెంటనే కాగితం మార్చి రాశారు, పెద్దావిడకి వారంలో ఏ రోజున వేసుకోవాలో కూడా ఆ అక్కే దగ్గర కూర్చుని చెప్పింది.

అలాంటి కన్ను ఉన్నవాళ్లకి టెక్నీషియన్లుగానే చాలా పనులున్నాయి. ఐవీ రూమ్‌లో లామినార్ ఫ్లో (వడకట్టిన శుభ్రమైన గాలి ఒకే దిశలో వీచే క్యాబినెట్) కింద ఇంజెక్షన్లు కలపడం, నరం ద్వారా ఎక్కించే పోషకాహారం తయారుచేయడం, చేరిన రోగి ఇంట్లో వాడే మందుల జాబితా రాబట్టడం, మత్తుమందుల రిజిస్టరు, క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి) తనిఖీ, మందులిచ్చే యంత్రాల నిర్వహణ. కొన్ని దేశాల్లో అదనపు శిక్షణ తీసుకున్న టెక్నీషియన్లు నింపిన మందుల్ని ఆఖరిసారి సరిచూసే పని కూడా చేస్తారు. అన్నిటికంటే బాధ్యత ఉన్నది కీమో గదిలో. క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ నరంలోకే వెళ్లాలి, పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ప్రతిసారీ ప్రాణం పోతుంది. అందుకే దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి పంపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరించింది, బ్యాగు చూశాక ఎవరూ దాన్ని వెన్నులోకి ఎక్కించబోరు కాబట్టి. ఆ బ్యాగు తయారుచేసే చేతులు చాలాచోట్ల టెక్నీషియన్‌వే.

ఫార్మసిస్టుగా మీరు క్యాన్సర్, నవజాత శిశువులు, ఐసీయూ, యాంటీబయాటిక్స్ వాడకం చూసే బృందం, మందుల దుష్ప్రభావాల నమోదు, మందుల సమాచార కేంద్రం, కొనుగోళ్లు, సాఫ్ట్‌వేర్ ఇలా ఎటైనా పోవచ్చు. ముందే ఒకటి గట్టిగా పట్టుకోకండి, రెండు మూడు విభాగాలు తిరిగాక మనసు ఎటు లాగుతుందో మీకే తెలుస్తుంది.

కష్టాలు లేవని చెప్పను. నైట్ డ్యూటీలుంటాయి, పండగ రోజు కూడా డ్యూటీ పడుతుంది, ఒకేసారి మూడు వార్డుల నుంచి ఫోన్లు వస్తాయి. కొందరు డాక్టర్లు మొదట్లో విసుక్కుంటారు. వాళ్లకి ఫోన్ చేసేటప్పుడు "ఇది తప్పు" అని మొదలుపెట్టొద్దు. రోగి ఎవరు, రిపోర్టులో ఏముంది, మీరు సూచించే డోసెంత, ఈ మూడూ ఒక్క గుక్కలో చెప్పండి. జవాబు సిద్ధంగా పెట్టుకుని ఫోన్ చేసేవాళ్ల మాట వింటారు, అది నేను మళ్లీ మళ్లీ చూశాను.

ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేవి అయ్యాక మీరూ అడగండి. రౌండ్స్‌కి ఫార్మసిస్టు వెళ్తారా? ఇంజెక్షన్లు కలిపేది ఫార్మసీలోనా, వార్డులో నర్సులా? పొటాషియం క్లోరైడ్ గాఢ ఆంపూల్స్ వార్డు అల్మరాల్లో ఉంచుతారా? ఉంచుతాం అంటే అక్కడ మందుల భద్రత గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోవట్లేదని అర్థం, మామూలు ఆంపూల్ అనుకుని నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. పొరపాటు జరిగితే ఏం చేస్తారని కూడా అడగండి. రిపోర్టు రాసి కారణం వెతుకుతాం అంటే చేరండి, ఎవరు చేశారో పట్టుకుని పంపించేస్తాం అంటే జీతం కాస్త ఎక్కువైనా ఆలోచించుకోండి, అలాంటిచోట అందరూ తప్పులు దాచడమే నేర్చుకుంటారు.

మీ చెల్లిని మాత్రం ఐవీ రూమ్ ఉన్న ఆసుపత్రిలోనే శిక్షణకి అడగమనండి. వేళ్లు ఎక్కడ పెట్టాలి, గాలి ఎటు నుంచి వీస్తోంది, వయల్ మూత తుడిచాక ఆరేదాకా ఎందుకు ఆగాలి, ఇవన్నీ పక్కన ఒకరు నిలబడి నేర్పితేనే చేతికి వస్తాయి.