గోతిక్ శిల్పం మొదలుపెట్టబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మడూ,

డ్రాయింగ్ చూశాను. గీత బాగుంది. కానీ విజయవాడలో కాలేజీ ఆవరణలో పెట్టే ఐదడుగుల రాతి మీద శిఖరాలూ, పూల కిటికీలూ, వింత జంతువులూ అన్నీ ఎక్కించేశావు. అలా చెక్కితే చర్చి నమూనా అవుతుంది తప్ప శిల్పం కాదు. గోతిక్ అంటే మధ్యయుగాల్లో యూరప్‌లో చర్చిలు కట్టిన పద్ధతి. ఆ కట్టడంలో బరువు ఏ దారిన నేలకు దిగుతోందో కంటికి కనిపిస్తుంది. నువ్వు పట్టుకోవలసింది అదే.

1163లో మొదలుపెట్టిన పారిస్ నోత్రదామ్ చర్చినే చూడు. కప్పు బరువు గోడను బయటికి నెడుతుంది, ఆ తోపుడును గోడ ఒక్కటే భరించదు. బయట దూరంగా నిలబెట్టిన స్తంభాల నుంచి వంపు తిరిగి వచ్చిన రాతి చేతులు దాన్ని అందుకుని కిందికి దించుతాయి. గోడకు పని తగ్గింది కాబట్టే అంత పెద్ద కిటికీలు పెట్టగలిగారు. ఆ ధైర్యం ఎక్కువైన చోట దెబ్బా తిన్నారు. ఫ్రాన్స్‌లోనే బోవే ఊరి చర్చిలో దాదాపు 48 మీటర్ల ఎత్తున కట్టిన కప్పు 1284లో కూలింది. తిరిగి కట్టినప్పుడు మధ్యమధ్య అదనంగా స్తంభాలు పెట్టాల్సి వచ్చింది.

నీ శిల్పానికి ఒక్క రాతి చేయి, దాని కింద ఖాళీ చాలు. ఆ ఖాళీని కూడా శ్రద్ధగా చెక్కు. బెజవాడ ఎండలో పైపైన గీసిన నగిషీ మిట్టమధ్యాహ్నం కనపడనే కనపడదు, లోతుగా తొలిస్తేనే నీడ నిలుస్తుంది.

ఆర్చిని కంప్యూటర్లో కాకుండా నేల మీద అసలు సైజులో గీయి. ఇంగ్లండ్‌లో యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలో మేస్త్రీలు అలా గీసుకున్న నేల ఇప్పటికీ ఉంది. 60 సెంటీమీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టు. ఒక మేకుకు అంతే పొడవు దారం కట్టి, చివర సుద్దముక్క పెట్టి, రెండో మేకు దగ్గర నుంచి పైకి వంపు గీయి. తర్వాత రెండో మేకు నుంచి అలాగే. రెండు గీతలూ సుమారు 52 సెంటీమీటర్ల ఎత్తున కలిసి మొన తేలుతుంది. దారం పొడవు, మేకుల దూరం మార్చి చూస్తే ఎలాంటి మొన కావాలో నీకే తెలుస్తుంది.

రాయి విషయంలో నా ఓటు పల్నాడు సున్నపురాయికే. అమరావతి శిల్పులు చెక్కింది ఆ రాయే, పల్నాడులోని దుర్గి ఊళ్లో ఇప్పటికీ చెక్కుతున్నారు. గ్రానైట్ ఎక్కువ కాలం మన్నుతుంది, నిజమే. కానీ సన్నని వంపులు తీయాలంటే చేతులు పడిపోతాయి. సున్నపురాయికి పొరలుంటాయి, క్వారీలో ఎలా పడుకుని ఉందో అలాగే పెట్టు. నిలబెడితే వానలకు పొరలు ఊడతాయి. కొనేముందు సుత్తితో నాలుగు వైపులా తట్టు. గణగణ మోగాలి. ఎక్కడైనా బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టే, ఎంత తక్కువకిచ్చినా వద్దను.

వింత జంతువు మీద మోజు తీరకపోతే ఒకటి ఉంచు. కానీ చర్చిల మీద కనిపించే ఆ జంతువులు, అంటే గార్గాయిల్స్, అసలు కప్పు మీది వాన నీళ్లను గోడకు దూరంగా చిమ్మే తూములు. నీదీ నీళ్లు చిమ్మాలి. లోతుగా తొలిచిన ప్రతిచోటా అడుగు కొద్దిగా బయటికి వాలేలా చెయ్యి, లేకపోతే నీళ్లు నిలిచి నాచు పడుతుంది.

ముందు మట్టితో పావు వంతు నమూనా చేసి గుంటూరు పట్టుకురా. అది చూసేదాకా రాయికి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

మీ మావయ్య