‘హల్లెలూయ’ అనమంటే ‘గోవిందా’ అంది!

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి. పాపకు నాలుగేళ్లు. మొన్న ఆదివారం చర్చిలో అందరూ ‘హల్లెలూయ’ అనగానే ఇది గొంతెత్తి ‘గోవిందా గోవిందా’ అంది. పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ తర్వాత కానుకల సంచి వస్తే డబ్బు వేయకపోగా, అందులోంచి పది రూపాయలు తీసుకుంది. ఇదంతా నా పెంపకమే అంటోంది మా అత్తమ్మ. ఒకటే టెన్షన్.
– ఒక అమ్మ

జవాబు: ముందు కాసేపు నవ్వుకోండమ్మా, తర్వాత మాట్లాడుకుందాం! అలిపిరి వైపు నడిచి వెళ్లే భక్తుల నోట పొద్దున లేస్తే వినేది ఆ మాటే కదా, పదిమంది గట్టిగా ఏదో అంటుంటే తనకు తెలిసిన మాట తనూ అంది, అందులో తప్పేముంది? తిట్టకండి, పక్కింటివాళ్ల దేవుణ్ణి చిన్నచూపు చూసేలా అసలే చెప్పకండి. ‘మన చర్చిలో ఇలా అంటాం’ అని ఇంట్లో పాటలా పాడించండి చాలు. పది రూపాయల సంగతంటారా, ఈసారి నాణెం ముందే దాని చేతిలో పెట్టండి, వేయడమే ఆటవుతుంది. కడుపు నింపి తీసుకెళ్లండి, తలుపు దగ్గర కూర్చోండి.

ఇక అత్తమ్మగారు. యేసుకు 12 ఏళ్లప్పుడు మరియ, యోసేపు ఒక రోజంతా నడిచాకగానీ పిల్లవాడు వెంట లేడని గమనించలేదు, దొరికింది మూడు రోజులకు. లూకా 2వ అధ్యాయం. రాత్రి పడుకునేముందు పాపకు ఆ కథ ఆమెనే చెప్పమనండి.