చూడకుండా నూలు వడికే చేతికి దారి చూపేది ఏమిటి?

చేతిపని అంతా కంటిచూపుతోనే నడుస్తుందా, స్పర్శ అందులో ఏ పాటిది అని అడిగారు. మా అమ్మ జబ్బు పడకపోయి ఉంటే నేనూ కంటికే పెద్దపీట వేసేవాణ్ని.

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. వాలుగ చేప దవడతో దూది ఏకి, సన్ననూలు తీసే ఊరు. అమ్మ కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏకు, అంటే ఏకిన దూది చుట్ట, పట్టుకుని వెనక్కి లాగేది. చూపు వీధి గుమ్మం మీదో, ఎదుట కూర్చున్న మనిషి మీదో ఉండేది. నూలు పలచబడబోతే చాలు, వేళ్ల పట్టు తనంతట తానే మారేది. ఎలా తెలుస్తుందని అడిగితే, “వేలికి తెలుస్తుందిరా, నాకు కాదు” అనేది.

యాభై ఎనిమిదో ఏట ఆ నూలు తెగడం మొదలైంది. చేతిలో సత్తువ తగ్గలేదు, నీళ్ల బిందె ఎత్తుతూనే ఉంది. రాత్రిళ్లు మాత్రం చేయి తిమ్మిరెక్కి, లేచి విదిలించుకునేది. ఏకు పట్టుకున్నా పట్టుకున్నట్టు లేదంది. దాంతో నూలునే చూస్తూ వడకసాగింది. కళ్లు బాగానే ఉన్నాయి, అయినా చూసేసరికే నూలు తెగి ఉండేది.

ఇది అర్థం కావాలంటే ముందు వేలికొన సంగతి తెలియాలి. అక్కడ చదరపు సెంటీమీటరుకు సుమారు 240 స్పర్శ నరపు పోగులుంటాయి. కొన్ని ఒత్తిడి ఉన్నంతసేపూ కబురు పంపుతాయి, కొన్ని జారుడు మొదలైన క్షణాన్నే పట్టుకుంటాయి. ఆ కబురు వెన్నుపాము వెంట పైకి పోయి, మెదడు కాండం అడుగున అవతలి పక్కకు దాటి, మెదడు లోపల కబుర్లను అందించే థాలమస్ అనే భాగం మీదుగా మెదడు పైపొరలోని స్పర్శ ప్రాంతానికి చేరుతుంది. కదలికలను నడిపే ప్రాంతం దాన్ని ఆనుకునే ఉంది. ఇక చిన్నమెదడు, ఈ లాగుడుకు వేలికి ఏం తగలాలో ముందే అంచనా కట్టి, తగిలినదాన్ని దానితో సరిపోల్చుకుంటుంది. రెండూ కలిసినంతకాలం మన దృష్టి అటు పోనే పోదు. అమ్మ కబుర్లు చెబుతూ వడకగలిగింది అందుకే.

స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయానికి చెందిన రోలాండ్ జొహాన్సన్ బృందం 1984లో ప్రచురించిన ప్రయోగాలు చదివినప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది. పట్టుకున్న వస్తువు కాస్త జారితే, సెకనులో పదో వంతు గడవకముందే, మనిషి ప్రయత్నమేమీ లేకుండా పట్టు బిగిసింది. వేళ్లకు మత్తుమందిచ్చి స్పర్శ పోగొడితే కండరాలు సరిగానే ఉన్నా ఆ సర్దుబాటు చెడిపోయింది. కన్ను అంత వేగంగా ఈ పని చేయలేదు. పైగా వేలి కింద ఎంత ఒత్తిడి ఉందో కంటికి కనబడదు కదా!

వయసు మీద పడిందనుకుని మేం దాదాపు ఏడాది కాలయాపన చేశాం. ఆ తప్పు మీరు చేయకండి. శ్రీకాకుళంలో డాక్టరు చూసి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి చిటికెనవేలు మాత్రం బాగుండటాన్ని బట్టే చాలావరకు పోల్చుకున్నారు. ఆ మూడు వేళ్ల స్పర్శను మోసే మీడియన్ నరం మణికట్టు దగ్గర నొక్కుకుపోయింది. చిటికెనవేలి స్పర్శ వేరే నరానిది. నరంలో సంకేతాల వేగం కొలిచే పరీక్ష చేసి, తర్వాత చిన్న ఆపరేషన్‌తో ఆ ఒత్తిడి తీసేశారు.

రాత్రి తిమ్మిరి త్వరగానే పోయింది. స్పర్శ మాత్రం నెలల మీద మెల్లగా తిరిగొచ్చింది. మళ్లీ రాట్నం ముందు కూర్చున్న కొత్తలో అమ్మ కళ్లు నూలును వదిలేవి కావు. ఒక సాయంత్రం పక్కింటి పిన్ని వచ్చి గుమ్మంలో కూర్చుంది. అమ్మ ఆమె వైపు తిరిగి కూతురి పెళ్లి సంగతులు అడుగుతూ ఉండిపోయింది. కదురు నిండింది.