ఊళ్లో తిరగడానికి డీజిల్ కారెందుకండీ?

ఖమ్మం నుంచి ఒక టీచర్ గారు రాశారు. స్కూలు ఇంటికి 5 కిలోమీటర్లు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆసుపత్రికి ఆటోలో ఎక్కించి దించడం కష్టమైపోతోంది. నెలకోసారి వైరాలో పుట్టింటికి వెళ్లిరావాలి. ఆటోలకే నెలకు 4,500 దాకా అవుతోంది. బ్యాంకులో 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. తెలిసినవాళ్లు 2015 మోడల్ డీజిల్ స్విఫ్ట్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది, 4.25 లక్షలకు ఇస్తామంటున్నారు. ఎఫ్‌డీ కదపకుండా 2 లక్షలు లోన్ పెట్టుకోండి, మైలేజీలోనే డబ్బులు వెనక్కొస్తాయి అని కూడా చెప్పారట. తీసుకోవచ్చా అని అడిగారు.

వద్దండీ. స్విఫ్ట్ చెడ్డ బండి అని కాదు, అది మీ అవసరానికి సరిపడే బండి కాదు.

మీరు చెప్పిన లెక్కన నెలకు 250 కిలోమీటర్లు, ఏడాదికి 3,000 తిరుగుతారు. ఊళ్లో పెట్రోల్ కారు లీటరుకు 13 ఇస్తుందనుకుని, లీటరు 108 రూపాయలు వేసుకుంటే ఏడాదికి సుమారు 25 వేలు. డీజిల్ 19 ఇచ్చినా, లీటరు 96 అనుకుంటే 15 వేలు. అంటే డీజిల్ వల్ల మిగిలేది ఏడాదికి 10 వేలు. పదేళ్లు దాటిన డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్లో టర్బోనో ఒక్కసారి మొరాయిస్తే రెండు మూడేళ్ల ఆదా దానికే పోతుంది. పైగా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే మీ స్కూలు వచ్చేస్తుంది. రోజూ ఇలా చల్లగా నడిస్తే లోపల మసి పట్టేది డీజిల్‌కే ఎక్కువ. రోజుకు 60, 70 కిలోమీటర్లు తిరిగేవాళ్లకైతే నేనే డీజిల్ చూడమంటాను.

ఇక లోన్ సంగతి. ఈ మాటతో చాలామంది బోల్తా పడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సెకండ్ హ్యాండ్ కారుకు 14 శాతం వడ్డీతో 2 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 6,835, మొత్తం వడ్డీ 46 వేలు. అదే 2 లక్షలు 7 శాతం ఎఫ్‌డీలో ఉంటే మూడేళ్లలో వచ్చే వడ్డీ కూడా దాదాపు 46 వేలే! దీన్ని చూపించి 'సరికి సరి, మీకు పోయేదేముంది' అంటారు. కానీ ఆ ఈఎంఐ మీ జీతంలోంచి నెలనెలా పోతుంది కదా. లోన్ తీసుకోకుండా ఎఫ్‌డీలోంచి 2 లక్షలు వాడి, అదే 6,835 నెలనెలా 7 శాతం ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేస్తే మూడేళ్లకు 2.74 లక్షలు చేతికొస్తాయి. లోన్ దారిలో మిగిలే ఎఫ్‌డీ 2.46 లక్షలు. పన్ను, ఎఫ్‌డీ ముందే తీసినందుకు కోసే కొంచెం వడ్డీ పక్కన పెడితే తేడా 28 వేలు. ఎఫ్‌డీ గడువు ఒకటి రెండు నెలల్లోనే ఉంటే దాని మీదే బ్యాంకులో లోన్ అడగండి, చాలా తక్కువ వడ్డీకి వస్తుంది.

కారుకు 3.5 లక్షలు దాటొద్దు. పేరు మార్పు, ఇన్సూరెన్స్, మొదటి సర్వీసుకు ఇంకో 25 వేలు. మిగతా 1.25 లక్షలు మళ్లీ ఎఫ్‌డీ చేసేయండి. ఒక మాట దాచకుండా చెప్పాలి, కారు కొంటే మీకు డబ్బు ఆదా కాదు. పెట్రోల్ 25 వేలు, ఇన్సూరెన్స్ 9, సర్వీసు 8, టైర్లు బ్యాటరీల కోసం పక్కన పెట్టేది 8, ఏటా తగ్గే విలువ 35 వేలు వేసుకుంటే దాదాపు 85 వేలు. ఆటోలకు మీకయ్యేది 54 వేలు. ఆ పై 31 వేలు మీ అత్తగారు నొప్పి లేకుండా వెళ్లిరావడానికి పెడుతున్న ఖర్చు. నా దృష్టిలో అది పెట్టదగ్గ ఖర్చే.

మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి నేనైతే ముందు వ్యాగన్ఆర్ చూస్తాను. సీటు ఎత్తుగా ఉంటుంది, కిందికి కూలబడినట్టు కూర్చోనక్కర్లేదు. సెలేరియో, శాంట్రో కూడా చూడొచ్చు. కొనేముందు అత్తగారిని ఒకసారి ఎక్కించి దించి చూడండి. 2019 జూలై తర్వాత తయారైనదైతే మంచిది, అప్పటికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. బేరమాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి తగ్గి కొత్తవే చవకయ్యాయి, పాత ధరలు పట్టుకుని కూర్చున్నవాళ్లతో ఈ మాట గట్టిగా అనండి.

బండి చూడ్డానికి పొద్దున్నే చెప్పకుండా వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే స్టార్ట్ చేశారన్నమాట, చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో మీకు తెలియదు, ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం టైరు. మీ ఊళ్లో కొంటున్నారు కాబట్టి ఇది మాత్రం తప్పకుండా చెయ్యాలి: 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు, అటు విజయవాడలో బుడమేరు ముంచినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి. సీట్లు, పైపై తివాచీ మార్చేస్తారు, సీట్ బెల్ట్ మాత్రం చాలామంది మార్చరు. బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపల ఎండిన బురద గీత ఉంటే ఇక మాట్లాడకుండా లేచి రండి. స్టెప్నీ తీసి ఆ గుంతలో తుప్పు కూడా చూడండి. మీకు నమ్మకమైన మెకానిక్‌ని తీసుకెళ్లండి, అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. 2017లో మా నాన్నగారి కోసం ఒక పాత కారు కొన్నాను, మధ్యవర్తి మాట నమ్మి మొత్తం డబ్బు ఇచ్చేశాను. పాత ఓనర్ లోన్ తీరిందన్నారు గానీ ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించలేదు. ఎనిమిది నెలలు బండి మా పేరు మీదికి రాలేదు, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. మీరు మాత్రం పేరు మార్పుకు ఫారం 29, 30 సంతకాలు, లోన్ ఉండుంటే ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీసేయడానికి ఫారం 35, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ చేతికొచ్చాకే చివరి 50 వేలు ఇవ్వండి. పెండింగ్ చలాన్లు ముందే చూసుకోండి. ఢిల్లీ నంబరు బండి చవకగా వస్తోందన్నా వెళ్లకండి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి.

పేరు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించుకోండి, లేకపోతే మీ కారుకు దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ రాదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనర్‌తోనే పోతుంది, ఆ తేడా మీరు కట్టాల్సి వస్తుంది, 9 వేల లెక్కలో అదీ వేసుకున్నాను. చిన్న దూరాలకు బ్యాటరీ సరిగా చార్జ్ కాదు కాబట్టి వారానికోసారైనా అరగంట పైన నడపండి. వైరా వెళ్లే వారం ఆ పని దానంతటదే అయిపోతుంది. ఏదైనా బండి నచ్చితే మోడల్, సంవత్సరం, అడుగుతున్న ధర రాసి పంపండి, అడ్వాన్స్ ఇచ్చేముందే.